సేవ ఎవరికొరకు? — బిషప్ అజరయ్యగారి జీవితము

మన సంఘములలో పని చేసేవారికి కొదువ లేదు. పాస్టరేటు కమిటీలో కూర్చునేవారు, క్వయరులో పాడేవారు, సండేస్కూలు నడిపేవారు, స్త్రీల మైత్రి పనులమీద ఊరూరా తిరిగేవారు ఉన్నారు. అయితే ఈ సేవ ఎందుకు చేస్తున్నామని మనలను మనము అడుగుకొనుట అరుదు. వేదికమీదికి పిలవలేదని అలిగినప్పుడు, ఎన్నికలో ఓడి ఆరాధనకు రావడము మానినప్పుడు, ఆ జవాబు మన నోటితో చెప్పకుండానే బయటపడుతుంది. బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారి జీవితమును ఈ ప్రశ్నతోనే చదువుకొందము.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతములోని వెల్లాలన్‌విలై గ్రామములో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయకంగారు గ్రామ సంఘ గురువు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినప్పటికీ, చివరి పరీక్ష వేళకు జబ్బుపడినందున ఆయనకు పట్టా రాలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శి అయ్యారు. పట్టణములు తిరిగి యువకులతో మాట్లాడుట ఆయన పని. ఆ పనిలో మంచి పేరు వచ్చింది.

1902లో ఆయన సిలోనులోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో సువార్తికులను పంపుచున్నారని చూచి, అంతకంటె పెద్దదైన తిరునల్వేలి సంఘము ఆ పని చేయలేదని సిగ్గుపడ్డారు. ఆ మరుసటి ఏడే తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. 1905లో శ్రీరాంపురములో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడుటలోను ఆయన చెయ్యి ఉన్నది. తిరునల్వేలి సొసైటీవారు ఎన్నుకొన్న పొలము నిజాము రాజ్యములోని దోర్నకల్, మన తెలుగు గడ్డ.

ఇక్కడనే ఆయన హృదయ పరీక్ష మొదలయింది. వెళ్లండి, వెళ్లండి అని యువకులను పురికొల్పుచున్న తాను ఎందుకు వెళ్లలేదు? ఇతరులను పంపుటలో గౌరవము కలదు, సభలు కలవు, ప్రయాణములు కలవు. వెళ్లుటలో అవేవీ లేవు. ఆ ప్రశ్నను ఆయన తప్పించుకొనలేదు. 1909లో వై.ఎం.సి.ఎ. పని విడిచి, గురుపట్టము పొంది, భార్య అన్బు మరియమ్మాళ్‌గారితోను బిడ్డలతోను దోర్నకల్ చేరారు. మొదట వారి నివాసము గుడారమే. చుట్టూ అడవి. ముప్పయి అయిదేండ్ల వయసులో కూర్చుని తెలుగు నేర్చుకొన్నారు.

మరుసటి సంవత్సరము, 1910లో, ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడవలసివచ్చింది. పాశ్చాత్య మిషనరీలు ఈ దేశము కొరకు ఎన్ని త్యాగములు చేసినను, స్థానికులను స్నేహితులుగా ఎంచి ప్రేమించకపోతే లోటు తీరదని వారి ఎదుటనే చెప్పారు. అది కొందరికి రుచించలేదు. కాని ఆ మాటలో మనకును పాఠమున్నది. శ్రమపడినంత మాత్రాన ఉద్దేశము మంచిదని రుజువు కాదు. గుడారములో పండుకొన్నవాడు కూడ తన త్యాగమును చూచుకొని మురిసిపోవచ్చును. ప్రేమ లేకపోతే దేహమును కాల్చుటకు అప్పగించినను ప్రయోజనము లేదని పౌలు వ్రాసినది ఇందుకే.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెతీడ్రలులో ఆయన దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. భారతీయుని క్రింద పనిచేయుట ఎట్లాగని కొందరు దొరలు సణిగారు. కులమును బట్టి స్వజనములో కొందరు వ్యతిరేకించారు. ఆయన ఎవరితోను వాదులాటకు దిగక పనిలో మునిగారు. ఎద్దుబండిమీదను, సైకిలుమీదను పల్లెలు తిరిగారు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అనే నాలుగు దయ్యములను వెళ్లగొట్టవలెనని బోధించారు. మాలలు, మాదిగలు ఒకే బల్లయొద్ద ప్రభు భోజనము తీసికొనవలెనని పట్టుబట్టారు. బాప్తిస్మము పొందినవారిచేత తలమీద చేయి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమయని ఒప్పుకొనజేసేవారు. ప్రతి విశ్వాసియు సేవకుడే అన్నది ఆయన పట్టుదల. 1941 నాటికి ఆ డయోసిస్‌లో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

సంఖ్య పెరిగిన కొలది అనుమానములు పెరిగినవి. 1930లలో గాంధీగారు సామూహిక మతాంతరములను, వాటి వెనుకనున్న ఉద్దేశములను విమర్శించారు. పేదలు కేవలము లాభము కోరి వచ్చినవారు కారని, సువార్త వారి జీవితములనే మార్చుచున్నదని అజరయ్యగారు గట్టిగా చెప్పారు. ఆ మార్పును కన్నులార చూచి అనేకమంది పై కులములవారు కూడ సంఘములో చేరుట ఆ మాటకు బలమిచ్చింది. బయటివారు మన ఉద్దేశములను ప్రశ్నించినప్పుడు మన కోపము జవాబు కాదు, మన బ్రదుకే జవాబు.

గుడారముతో మొదలైన ఆ ఊరిలో ఏండ్ల తరబడి కట్టిన ఎపిఫని కెతీడ్రలు 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది. ఆయన 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే ప్రభువు నందు నిద్రించారు. తాను ఎంతో పాటుపడిన దక్షిణ ఇండియా సంఘ ఐక్యత 1947లో నెరవేరింది. దానిని ఆయన కన్నులు చూడలేదు. విత్తినవాడొకడు, కోసినవాడొకడు.

పౌలు సీలలు ఫిలిప్పీ చెరసాలలో నడిరేయి కీర్తనలు పాడుట దెబ్బలు నొప్పి లేక కాదు. ఎవరికొరకు దెబ్బలు తిన్నారో తెలిసి. కష్టములో సంతోషము ఆ తెలివి నుండే పుట్టును. మన పేరు కొరకు చేసిన సేవలో చిన్న అవమానమైనను మనలను కూల్చును. ప్రభువు కొరకు చేసిన సేవలో గుడారము కూడ చాలును. ఈ వారము మనము చేయు పనిని ఎవరును చూడకపోయినను, ఎవరును పొగడకపోయినను, వచ్చే వారము దానిని చేయుదుమా? ఈ ప్రశ్నను మోకాళ్లమీద అడుగుకొను ధైర్యమును ప్రభువు మనకందరికి దయచేయును గాక.