175 ఏళ్లు దాటిన రోటరీకి జేజేలు

న్యూయార్క్‌కు చెందిన రిచర్డ్ మార్చ్ హో 1847 జులై 24న రోటరీ అచ్చు యంత్రానికి అమెరికా పేటెంట్ పొందారు. 2022 జులై 24తో దానికి 175 ఏళ్లు నిండాయి. దినపత్రికను లక్షల ఇళ్ల గడప తొక్కించిన యంత్రమిది. దీనికి మనసారా అభినందనలు.

అంతకుముందు టైపును బల్లపరుపు దిమ్మె మీద బిగించేవారు. 1814 నవంబరు 29న లండన్ ‘టైమ్స్’ను అచ్చేసిన కోనిగ్ ఆవిరి యంత్రంలోనూ అంతే. కాగితాన్ని నొక్కడానికి సిలిండరు వచ్చినా, టైపు దిమ్మె ముందుకు పోయి, ఆగి, వెనక్కి రావాల్సిందే. గంటకు 1,100 కాగితాలంటే ఆనాటికి అదే అద్భుతం. హో ఏకంగా టైపునే సిలిండరుకు ఎక్కించారు. గుండ్రంగా తిరిగేదానికి ఆగే పని లేదు, వెనక్కి మళ్లే పని లేదు. ఆ వేగానికి అక్షరాలు ఊడి ఎగిరిపోకుండా కాలమ్‌ల మధ్య లోపలికి సన్నబడే పట్టీలు బిగించడంలో ఉంది ఆయన నేర్పంతా. ఫిలడెల్ఫియాలో ‘పబ్లిక్ లెడ్జర్’కు అమర్చిన నాలుగు సిలిండర్ల యంత్రం గంటకు 8,000 కాగితాలు అచ్చేసింది.

ఈ ఘనత హో ఒక్కరిదే కాదు. ఆయన యంత్రానికి కాగితాలను మనుషులే ఒక్కొక్కటిగా అందించేవారు. 1863లో విలియం బుల్లక్ రీలు నుంచి కాగితాన్ని నేరుగా యంత్రంలోకి నడిపి, రెండు వైపులా అచ్చు పడేలా చేశారు. 1867లో తన యంత్రాన్నే బిగిస్తుండగా అందులో కాలు నలిగి, ఆ గాయంతోనే కన్నుమూశారు. విడి టైపు స్థానంలో వంపు తిరిగిన పోత ప్లేట్లు రావడంతో ఒకే పేజీని ఒకేసారి పలు యంత్రాలపై అచ్చేసే వీలు కలిగింది. అక్కడి నుంచే భారీ సర్క్యులేషన్‌కు దారి పడింది.

నేడు మన తెలుగు దినపత్రికలను అచ్చేసే వెబ్ ఆఫ్‌సెట్ యంత్రాలు ఆ వంశానివే. సిలిండరు మీద ప్లేటు, పక్కన రబ్బరు బ్లాంకెట్, కింద రీలు, చివర ఫోల్డరు. అర్ధరాత్రి దాటాక వచ్చిన వార్త కూడా తెల్లారేసరికి జిల్లా ఎడిషన్‌లో మన గుమ్మంలో ఉంటోందంటే ఆ తిరుగుడు చలవే. దాని పక్కన నిద్ర కాచి, ఇంకు సరిచూసి, తెగిన కాగితాన్ని మళ్లీ ఎక్కించే మెషీన్‌మెన్‌కు ఈ సన్మానంలో సగపాలు చెందాలి.

పత్రికల యాజమాన్యాలకు ఒక్క విన్నపం: మూలనపడ్డ పాత రోటరీలను తుక్కుకు అమ్మేముందు ఒక్కదాన్నైనా నిలబెట్టి, బడిపిల్లలకు చూపించండి. రోటరీకి అంతకు మించిన కానుక లేదు.