లేడీ మేరీ: టీకా తెచ్చింది, గడ్డ దాచింది

మీరు గానీ, మీ ఇంట్లో ఎవరైనా గానీ రొమ్ముక్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్నారా? అయితే టీకా మాట ఎత్తగానే మీకొచ్చే సందేహం నాకు తెలుసు. ఇంత పడ్డాం, మళ్లీ ఈ సూదితో ఏమొచ్చి పడుతుందోనని. మూడొందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఇదే భయాన్ని ఎదుర్కొని బిడ్డలకు టీకా వేయించిన ఒక తల్లి, చివరికి రొమ్ముక్యాన్సర్‌తోనే పోయింది. ఆమె కథ చెబుతూ మీ సందేహాల సంగతీ చూస్తాను.

ఆమె పేరు లేడీ మేరీ వర్ట్లీ మాంటెగ్యూ. 1689లో గొప్ప ప్రభువుల ఇంట పుట్టింది. తండ్రి గ్రంథాలయంలో కూర్చుని తనంతట తానే లాటిన్ నేర్చుకుంది. తండ్రి చూసిన సంబంధం కాదని 1712లో ఎడ్వర్డ్ వర్ట్లీతో వెళ్లిపోయి పెళ్లి చేసుకుంది. మరుసటి ఏడే ఆమె తమ్ముణ్ని మశూచి, అదే మన పెద్దమ్మవారు, పొట్టన పెట్టుకుంది. 1715లో అది ఆమెకే సోకింది. ప్రాణం దక్కింది గానీ ముఖం గుంటలు పడింది, కనురెప్పల వెంట్రుకలు రాలిపోయి మళ్లీ రాలేదు.

భర్తకు రాయబారి ఉద్యోగం రావడంతో 1716లో టర్కీకి బయలుదేరింది. మశూచి తేలిగ్గా వచ్చినవాళ్ల పొక్కుల్లోని రసి తీసి, ఆరోగ్యంగా ఉన్న పిల్లల చర్మం మీద సూదితో గీరి పెట్టే ముసలమ్మలను అక్కడ చూసింది. వారం పది రోజులకు జ్వరం, కాసిని పొక్కులు. ఆ తర్వాత జన్మలో మశూచి రాదు. 1718 మార్చిలో కొడుక్కి ఇది చేయించింది. నెలల పాపకు మాత్రం చేయించలేదు. ఎందుకో తెలుసా? పాపకు పాలిచ్చే దాదికి అంతవరకు మశూచి రాలేదు. రసి పెట్టిన బిడ్డ నుంచి ఆ దాదికి అసలు జబ్బే అంటుకోవచ్చు.

వైద్యం చదవని మనిషి ఇంత ఆలోచించిందే అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. మా దగ్గర లెక్క కూడా అదే. టీకా మంచిదా చెడ్డదా అని కాదు, ఏ టీకా, ఎవరికి, ఎప్పుడు అని చూస్తాం. తట్టు, ఆటలమ్మ, ఎల్లో ఫీవర్ టీకాల్లో బలహీనపరిచిన వైరస్ బతికే ఉంటుంది. కీమోథెరపీ జరుగుతుండగా వాటిని వెయ్యం. అయిపోయాక కూడా సాధారణంగా కనీసం మూడు నెలలు ఆగుతాం. ఫ్లూ, న్యుమోనియా సూదుల్లో బతికున్న క్రిమి ఉండదు కాబట్టి అవి జబ్బు తెప్పించలేవు. కీమో మొదలవడానికి రెండు వారాల ముందే వేయించుకుంటే మరీ మేలు. టామోక్సిఫెన్ లాంటి మాత్రలు వాడుతున్నా వీటికి అడ్డు లేదు. దాది సంగతి చెప్పాను కదా. ఇంట్లో కీమో నడుస్తున్నప్పుడు చంటిబిడ్డకు పోలియో చుక్కలు వేయించాల్సి వస్తే ఆ మాట డాక్టరుకు చెప్పండి. చుక్కల్లోని వైరస్ కొన్ని వారాలు బిడ్డ మలంలో బయటికి వస్తుంది. అలాగని బిడ్డకు పోలియో టీకా మాత్రం మానకండి, సూది రూపంలోనూ ఉంది.

మేరీ లండన్ తిరిగొచ్చాక, 1721లో మశూచి విజృంభించింది. కూతురికి రసి పెట్టమని డాక్టర్ మెయిట్లాండ్‌ను పిలిచింది. టర్కీలో కొడుక్కి చేసినప్పుడు పక్కనున్నది ఆయనే. ఇక్కడ మాత్రం సాక్షులుగా వేరే వైద్యులు ఉంటేనే చేస్తానన్నాడు. పాప తేలిగ్గా కోలుకుంది. ఆ ఏడే న్యూగేట్ జైల్లో ఆరుగురు ఖైదీలకు క్షమాభిక్ష ఆశ చూపి రసి పెట్టారు, ఆరుగురూ బతికారు. మరుసటి ఏడు రాజకుటుంబపు పిల్లలకూ పెట్టారు.

అంతా సుఖాంతం కాదు. కొందరు పిల్లలు చనిపోయారు. చర్చిల్లో దుమ్మెత్తిపోశారు. జేమ్స్ జూరిన్ అనే వైద్యుడు మాత్రం వాదనలో దిగకుండా ఊరూరి నుంచీ లెక్కలు తెప్పించాడు. రసి పెట్టించుకున్నవాళ్లలో 50 మందికి ఒకరు పోతే, మశూచి మామూలుగా సోకినవాళ్లలో ఐదారుగురికి ఒకరు పోతున్నారని తేలింది. ఇప్పటి టీకాలను ఆ రసితో పోల్చకండి. జెన్నర్ ఆవు మశూచితో చేసిన టీకా వచ్చింది 1796లో.

మేరీ 1739లో దేశం విడిచి ఇటలీ, ఫ్రాన్సుల్లో ఇరవై ఏళ్లకు పైగా గడిపింది. భర్త పోయాక 1762లో తిరిగొచ్చేనాటికి రొమ్ములో క్యాన్సర్ ఉంది. ఇంట్లోవాళ్లకు కొంతకాలం చెప్పలేదు. ఊళ్లో పిల్లలందరి కోసం నోరు విప్పిన మనిషి, తన గడ్డ దగ్గర నోరు మెదపలేదు. అప్పటికి మత్తుమందు లేదు, నమ్మదగిన చికిత్స లేదు, తెలిసినా ఏం చేయగలిగేవారో. ఆ ఏడు ఆగస్టు 21న పోయింది.

ఇప్పుడు చికిత్స ఉంది, మా ఓపీలో గడ్డ దాచుకునేవాళ్లూ ఉన్నారు. టీకా తర్వాత ఆ వైపు చంకలో బిళ్ల కట్టడం మామూలే, కొన్ని వారాల్లో తగ్గుతుంది. కానీ స్కాన్‌లో అది క్యాన్సర్ తిరగబెట్టినట్టు కనిపించి మిమ్మల్నీ మమ్మల్నీ హడలగొడుతుంది. అందుకే ఆపరేషన్ జరగని వైపు చేతికే వేయించుకోండి. రెండు వైపులా జరిగి ఉంటే తొడకు వేయమని అడగండి. ఆరు వారాలైనా బిళ్ల తగ్గకపోతే చూపించుకోండి. రొమ్ములోనే గడ్డ తగిలితే ఒక్క వారం కూడా ఆగకండి. కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు తాకితే టీకా వల్లేలే అని పారాసిటమాల్ వేసుకుని పడుకోకుండా, అర్ధరాత్రయినా ఆసుపత్రికి రండి. మామోగ్రామ్‌కు వెళ్లినప్పుడు టీకా ఏ తేదీన, ఏ చేతికి వేయించుకున్నారో అక్కడి టెక్నీషియన్‌కు చెప్పి చీటీ మీద రాయించండి.