కొత్త రాణి ఈగ: హ్యూబర్ ఆలోచన, బర్నెన్స్ చేతులు

తేనెపెట్టెలో గుడ్లు పెట్టే ఈగ ఒక్కటే. దాన్నే రాణి ఈగ అంటున్నాం. పేరుకు రాణి గానీ అది ఎవరి మీదా పెత్తనం చేయదు. గూడు కట్టేది, పిల్లల్ని సాకేది, పూలమీద తిరిగి తేనె తెచ్చేది అంతా కూలి ఈగలే. ముమ్మరంగా పని సాగే కాలంలో కూలి ఈగ ఆరు వారాలు బతికితే ఎక్కువ. రాణి ముసలిదైనా, చచ్చిపోయినా కొత్త ఈగలు పుట్టవు. లేత పిల్లపురుగులు ఉంటే కూలి ఈగలు వాటిలో ఒకదాన్ని రాణిగా పెంచుకుంటాయి. అవీ లేకుంటే రెండు మూడు నెలల్లో పెట్టె ఖాళీ. అలాంటప్పుడు మరో పెట్టె నుంచి రాణిని తెచ్చి పెట్టాల్సిందే.

తెచ్చి వదిలేస్తే సరిపోతుందా? సరిపోదు. పరాయి రాణిని ఆ ఈగలే చుట్టుముట్టి, ముద్దగా కమ్ముకుని, ఊపిరాడకుండా చేసి చంపేస్తాయి. మరి ఎప్పుడు పెడితే ఒప్పుకుంటాయి? ఈ ప్రశ్నకు గంటలు లెక్కగట్టి జవాబు చెప్పినవాడికి కళ్లు కనిపించవు. ఆయనకు కళ్లై నిలిచినవాడు ఒక పల్లెటూరి జీతగాడు. కర్నూలు, కడప జిల్లాల్లో పొద్దుతిరుగుడు, కలింగర, దోస, ఉల్లి విత్తనం పండించే రైతులూ, ఆ చేలల్లో పనిచేసే కూలీలూ ఈ ఇద్దరి కథ తెలుసుకోవడం అవసరమని మేము అనుకుంటున్నాం. ఎందుకంటే ఈ పంటలన్నిటికీ ఈగ వాలితేనే కాపు.

ఫ్రాంస్వా హ్యూబర్ 1750 జూలై 2న జెనీవా నగరంలో పుట్టాడు. కలిగిన కుటుంబం. తండ్రి బొమ్మలు గీసేవాడు, వోల్టేర్‌కు స్నేహితుడు. పదిహేనేళ్ల వయసులోనే హ్యూబర్‌కు చూపు మందగించింది. ఆరోగ్యం కుదుటపడుతుందని పారిస్ దగ్గర ఒక పల్లెకు పంపితే అక్కడ రైతుల మధ్య ఉండి మడక పట్టి దున్నాడు. సేద్యమంటే ఇష్టం అప్పుడే పుట్టింది. కళ్ల వైద్యుడు మాత్రం చూపు తిరిగిరాదని తేల్చేశాడు. కొన్నాళ్లకు లోకమంతా చీకటైపోయింది.

మేరీ ఎమీ లులిన్ అనే అమ్మాయి ఆయన్ని ప్రేమించింది. ఆమె తండ్రి నగరంలో పెద్ద అధికారి. గుడ్డివాడికి పిల్లనివ్వనని పట్టుబట్టాడు. ఆ అమ్మాయి కూడా పట్టు వదల్లేదు. ఎవరి అనుమతీ అక్కర్లేని వయసు, అంటే 25 ఏళ్లు, వచ్చేదాకా ఆగి ఆయన్నే పెళ్లాడింది. దాదాపు నలభై ఏళ్లు ఆయనకు చదివి వినిపించింది, చెప్పింది రాసిపెట్టింది.

ఆ ఇంట్లో జీతానికి కుదిరినవాడు ఫ్రాంస్వా బర్నెన్స్. వో ప్రాంతపు పల్లెటూరివాడు. పెద్ద చదువులు లేవు గానీ చదవడం వచ్చు. యజమానికి పుస్తకాలు చదవడం అతని పనుల్లో ఒకటి. తేనెటీగల మీద రియోమూర్ అనే ఫ్రెంచి పండితుడు రాసిన గ్రంథం అలా చదువుతూ వచ్చాడు. చదువుతున్నవాడు మధ్యమధ్యలో అడిగే ప్రశ్నలు హ్యూబర్‌ను ఆకట్టుకున్నాయి. వీడు ఊరికే చదవడం లేదు, ఆలోచిస్తున్నాడని గ్రహించాడు. ముందు రియోమూర్ చేసిన ప్రయోగాలనే మళ్లీ చేయించి చూశాడు. ఫలితాలు సరిపోలాయి. ఇక అక్కణ్ణుంచి కొత్త దారి తొక్కారు.

హ్యూబర్ ప్రశ్న వేసేవాడు, బర్నెన్స్ చేసి చూసి చెప్పేవాడు. చెప్పిందాన్ని హ్యూబర్ గుచ్చి గుచ్చి అడిగి, అనుమానం తీరేదాకా మళ్లీ చేయించేవాడు. 1789లో పుస్తకం ఆకుల్లా తెరుచుకునే చట్రాలతో ఒక పెట్టె తయారు చేయించాడు. పట్టు కోయకుండా, ఈగల్ని చంపకుండా ప్రతి పట్టునూ రెండువైపులా చూసే వీలు దొరికింది.

కొన్ని పెట్టెల్లో రాణి లేకున్నా గుడ్లు కనిపించాయి. కూలి ఈగలే పెడుతున్నాయా, లేక చిన్న రాణి ఏదైనా దూరిందా? తేల్చాలంటే ప్రతి ఈగనూ పట్టి చూడాలి. బర్నెన్స్ రెండు పెట్టెల్లోని ఈగలన్నిటినీ ఒక్కొక్కటిగా చేత్తో పట్టుకుని, దాని నోరు, కాళ్లు పరిశీలించాడు. పదకొండు రోజులు పట్టింది. కుట్టినా పట్టిన ఈగను వదల్లేదు. కళ్లు అలసినప్పుడు తప్ప పని ఆపలేదు. తేలిందేమంటే, కూలి ఈగలు కూడా అరుదుగా గుడ్లు పెడతాయి. అయితే ఆ గుడ్ల నుంచి పుట్టేవి పోతుటీగలే. రాణి గూట్లో కాకుండా బయట ఆకాశంలో ఎగిరి జత కడుతుందని కూడా 1788లో వీళ్లు గమనించారు.

ఇప్పుడు కొత్త రాణి సంగతి. పెట్టెలో నుంచి పాత రాణిని తీసేశారు. ఆ సంగతి ఈగలకు వెంటనే తెలియలేదు. పని మామూలుగానే సాగింది. కొన్ని గంటలకు అలజడి మొదలైంది. పనులు వదిలి అటూ ఇటూ పరుగెత్తాయి. మళ్లీ నెమ్మదించి, కొత్త రాణిని పెంచడానికి గదులు కట్టడం మొదలుపెట్టాయి. ఏ దశలో పరాయి రాణిని పెట్టినా ఏమవుతుందో ఒక్కొక్కటిగా చూశారు. 12 గంటల లోపల పెడితే చుట్టుముట్టి బంధించాయి, ఎక్కువసార్లు అది చచ్చింది. 18 గంటలు ఆగి పెడితే మొదట అలాగే చుట్టుముట్టినా త్వరగా వదిలేశాయి. 24 గంటలు గడిచాక పెడితే ఆదరించాయి. తాకి చూసి, తిండి పెట్టి, దారి ఇచ్చాయి. అంటే తమకు లోటు ఉందని ఈగలకు తెలిసిరావాలి. అది తెలియనప్పుడు పైనుంచి తెచ్చి రుద్దిన రాణి శత్రువే.

మరో ప్రయోగంలో పెట్టెను తీగవలతో రెండుగా విడదీశారు. వలలో నుంచి మీసాలు చాపి రాణిని తాకగలిగినంత కాలం అవతలి ఈగలు నిబ్బరంగా ఉన్నాయి. తాకే వీల్లేకుండా రెండు వలలు అడ్డం పెడితే అలజడి పడి, వేరే రాణిని పెంచుకోబోయాయి. ఈ తాకిడిలో అసలు రహస్యమేమిటో 1950లలో గానీ తేలలేదు. రాణి ఒంటి నుంచి వచ్చే ఒక పదార్థం ఈగ నుంచి ఈగకు అందుతూ రాణి ఉందన్న కబురు మోస్తుందని ఇంగ్లండులోని రోథాంస్టెడ్ పరిశోధన కేంద్రంలో కోలిన్ బట్లర్ చూపాడు.

ఈనాడు పెంపకందార్లు చేసే పని ఈ ప్రయోగాల బాటలోనే ఉంది. పాత రాణిని తీసేస్తారు. మరో రాణి గానీ, రాణి గదులు గానీ లేవని పట్టుపట్టూ వెతికి చూస్తారు. ఒక్కటి మిగిలినా కొత్తదాని ప్రాణం దక్కదు. ఒక రోజు ఆగి, కొత్త రాణిని తీగవల వేసిన చిన్న గూటిలో పెట్టి, మూతి దగ్గర పంచదార ముద్ద అడ్డం పెట్టి పట్ల మధ్య వేలాడదీస్తారు. ఈగలు వలలో నుంచి దాన్ని తాకుతాయి, తిండి అందిస్తాయి. పంచదార తిని దారి చేసేసరికి రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటికి పరాయిది తమదైపోతుంది. పూలు లేని కరువు రోజుల్లో ఈగలు చిరాకుగా ఉంటాయి కాబట్టి పంచదార పాకం పెట్టి ఈ పని చేయడం మేలు. మన బెట్ట సీమలో ఇది మరీ ముఖ్యం. వారం రోజులు పెట్టెను కదిలించకుండా ఉంటే ఇంకా మంచిది.

హ్యూబర్ గ్రంథం 1792లో అచ్చయింది. అందులో బర్నెన్స్ పేరు దాచలేదు. ఇవి జీతగాడి చేతులతో, కళ్లతో జరిగిన పనులని బాహాటంగా రాశాడు. ఆ కాలపు పెద్దింటి మనిషికి ఇది చిన్న విషయం కాదు. తర్వాత కొన్నేళ్లకు బర్నెన్స్ తన ఊరికి వెళ్లిపోయి అక్కడ న్యాయాధికారి అయ్యాడు. ఆ పని మేరీ ఎమీ, కొడుకు పియేర్ అందుకున్నారు. 1814లో గ్రంథం రెండు సంపుటాలుగా పెరిగింది. హ్యూబర్ 1831 డిసెంబరు 22న లోసాన్‌లో కన్నుమూశాడు.

ఈ కథ మన చేలకు ఎందుకంటే, ఇక్కడ ఈగ పని మనిషి చేయాల్సి వస్తోంది. ఈగలు తగ్గినచోట పొద్దుతిరుగుడు పూల మీద పొద్దున్నే పలచటి గుడ్డతో రుద్దేది కూలి మనిషే. కర్నూలు జిల్లాలో సంకర పత్తి విత్తనం చేలల్లో సాయంత్రం మొగ్గలో మగభాగం గిల్లి తీసి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దే క్రాసింగు పని ఆడకూలీలది. బడి మాన్పించి ఆడపిల్లల చేత ఈ పని చేయించిన వైనం 1990ల నుంచి బయటపడుతూ వచ్చింది. విత్తన సంచి మీద కంపెనీ పేరు ఉంటుంది, రకం పేరు ఉంటుంది. ఒక్కొక్క పువ్వునూ తాకిన చేతుల పేరు ఎక్కడా ఉండదు. రెండు వందల ఏళ్ల కింద ఒక చూపులేని మనిషి చూడగలిగిన శ్రమను, రెండు కళ్లున్నవాళ్లు చూడకపోతే ఏమనాలి?

అందుకని మేము చెప్పేది రెండు మాటలు. పూలు విచ్చిన పొద్దు మందు కొట్టకండి, కొట్టక తప్పకపోతే ఈగలు గూటికి చేరిన సాయంత్రం కొట్టండి. రెండోది, తేనెపెట్టెలకు ఎకరాల భూమి అక్కర్లేదు. చెట్టునీడ, నీటి తొట్టి, చుట్టూ పూసే చేలు ఉంటే చాలు. భూమి లేని కూలి కుటుంబాలు సంఘంగా ఏర్పడి పెట్టెలు అడగాలి, రాణిని మార్చే పని నేర్పమని అడగాలి. చదవడం మాత్రమే తెలిసిన జీతగాడు బర్నెన్స్ నేర్చుకున్న పనిది. మన పిల్లల చేతులకు రాకపోయే పని కాదు.