లోయిస్ విసిరిన చెప్పు

మా పెద్దమ్మ కూతురు పోయినేడాది మా ఇంటికొచ్చి రెండ్రోజులుంది. బావ తాగుడు మానేసి అప్పటికి ఎనిమిది నెలలు. పండగ చేసుకోవాల్సిన మనిషి కదా! కానీ అక్క మొహంలో కళ లేదు. బెండకాయలు తరుగుతూ మెల్లగా బయటపెట్టింది. తను ఇన్నేళ్లూ ఏడ్చినా, ఒట్లు వేయించుకున్నా, ఉపవాసాలున్నా మానని మనిషి, ముక్కూమొహం తెలియని పదిమందితో వారం వారం కూర్చుంటే మానేశాడట. మరి నా ఇరవయ్యేళ్ల కష్టం ఎందుకూ పనికిరాలేదా అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఓదార్చడానికి మాటలు దొరకలేదు నాకు. ఎప్పుడో చదివిన ఒక ఇల్లాలి జీవితం గుర్తొచ్చి చెప్పాను. ఆమె పేరు లోయిస్ విల్సన్.

లోయిస్ 1891 మార్చి 4న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక డాక్టరు గారింట పెద్ద కూతురుగా పుట్టింది. వేసవి సెలవులకి వెళ్లే వెర్మాంట్ రాష్ట్రంలో బిల్ విల్సన్ పరిచయమయ్యాడు. తనకంటే నాలుగేళ్లు చిన్నవాడు. 1918 జనవరి 24న పెళ్లయింది. యుద్ధం నుంచి తిరిగొచ్చి షేర్ మార్కెట్లో బాగానే సంపాదించాడు గానీ, సంపాదనతోపాటే తాగుడూ పెరిగింది. లోయిస్‌కి మూడుసార్లు గర్భం గర్భసంచి బయట నిలిచి పోయింది. పెంచుకుందామన్నా బిడ్డని ఇవ్వలేదు. బిల్ తాగుడే అందుకు కారణమని ఆమెకి తర్వాతెప్పుడో తెలిసింది. ఆ కడుపుకోత ఎంతటిదో మన ఆడవాళ్లకి వేరే చెప్పాలా?

1929లో షేర్లు కుప్పకూలాక ఇద్దరూ బ్రూక్లిన్‌లో ఆమె పుట్టింటికి చేరారు. లోయిస్ మేసీస్ అనే పెద్ద దుకాణంలో ఉద్యోగం చేస్తూ ఇల్లు నడిపింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి భర్త ఏ స్థితిలో ఉంటాడో తెలియదు. ఈ మనిషిని నేనే బాగుచెయ్యాలన్న పట్టుదల ఒక్కటే ఆమెని నిలబెట్టింది.

1934 డిసెంబరులో బిల్ ఆస్పత్రిలో చేరి, బయటకొచ్చాక మళ్లీ చుక్క ముట్టలేదు. 1935లో ఏక్రన్ ఊళ్లో, తనలాగే తాగుడుతో అవస్థపడుతున్న డాక్టర్ బాబ్ కలిశాడు. తాగుబోతు బాధ ఇంకో తాగుబోతుకే తెలుస్తుందని గ్రహించి ఇద్దరూ మొదలుపెట్టినదే ఆల్కహాలిక్స్ అనానిమస్. ఆ శరదృతువు నుంచి లోయిస్ ఇంట్లోనే మంగళవారాలు మీటింగులు జరిగాయి.

కోరుకున్నది జరిగింది. మరి సంతోషం ఏదీ? ఒక ఆదివారం మీటింగుకి టైమవుతోంది, త్వరగా తెమలమని బిల్ మామూలుగానే అన్నాడు. అంతే, లోయిస్ చేతికందిన చెప్పు తీసి విసిరికొట్టి, ఆ మీటింగుల్ని తిట్టిపోసింది. మరుక్షణం తన కోపం చూసి తనే బిత్తరపోయింది. పదిహేడేళ్లు తను చెయ్యలేని పనిని పరాయివాళ్లు చేశారన్న అసూయ అది. భర్తని దిద్దే పనిలో పడి తనకంటూ ఒక బతుకు లేకుండా పోయిందని అప్పుడు తెలిసొచ్చింది. జబ్బు అతనిదే అయినా, కోలుకోవాల్సింది తను కూడా.

భర్తలతో మీటింగులకి వచ్చిన ఇల్లాళ్లు ఓ పక్కన కాఫీ తాగుతూ తమ గోడు చెప్పుకోసాగారు. ఈలోగా 1939లో ఆ ఇల్లు బ్యాంకు పాలయింది. రెండేళ్లు స్నేహితుల ఇళ్లలో తలదాచుకుని, 1941లో బెడ్‌ఫర్డ్ హిల్స్‌లో సొంత గూటికి చేరారు. 1951లో, అరవయ్యేళ్ల వయసులో, లోయిస్ తన స్నేహితురాలు ఆన్‌తో కలిసి 87 చిరునామాలు ముందేసుకుని ఉత్తరాలు రాసింది. తాగేవాళ్ల కుటుంబాల కోసం ‘అల్-అనాన్’ అలా పుట్టింది. 1957లో పిల్లల కోసం అలటీన్ వచ్చింది. బిల్ 1971లో సరిగ్గా పెళ్లిరోజునే పోయాడు. లోయిస్ 97 ఏళ్లు బతికి 1988 అక్టోబరు 5న కన్నుమూసింది.

ఈ బృందాలు మన దేశంలోనూ ఉన్నాయి. ఫీజు లేదు. ఇంటిపేరు అడగరు. అక్కడ విన్నది బయట చెప్పరు. మొగుణ్ని వదిలెయ్యమనీ, సర్దుకుపొమ్మనీ ఎవరూ అనరు. అతని తాగుడికి కారణం నువ్వు కాదు, దాన్ని అదుపు చెయ్యడం, నయం చెయ్యడం నీ చేతిలో లేవని మాత్రం అర్థం చేయిస్తారు. భర్త ఇంకా తాగుతున్నా సరే, మీరు వెళ్లొచ్చు. ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్లనిగానీ, తాగుడు మాన్పించే డాక్టర్లనిగానీ అడిగితే మీటింగు ఎక్కడో చెబుతారు.

అక్క రెండుసార్లు గేటు దాకా వెళ్లి తిరిగొచ్చేసిందట. ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తే పరువేం కాను అని భయం. మూడోసారి లోపలికెళ్లింది. ఆ రోజు ఏమీ మాట్లాడలేదుట, వింటూ కూర్చుందిట.

మొన్న ఫోన్ చేసింది. అరగంట మాట్లాడింది. పెట్టెలో పడేసిన కుట్టుమిషన్ బాగు చేయించుకుందట. మోకాళ్ల నొప్పికి డాక్టర్ని కలిసిందట. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది నాకు, బావ ఊసు ఒక్కసారీ ఎత్తలేదు.