సంపాదకీయం: కనికరం అలవాటు కావాలి



కొన్ని వారాల క్రితం ఆదివారం ఉదయం నల్లగండ్లలో ఆరాధనకు బయలుదేరాం. మలుపు దగ్గర పార్సిళ్లు చేరవేసే ఒక కుర్రాడు బండి మీద నుంచి పడ్డాడు. మోచేయి చెక్కుకుపోయి రక్తం కారుతోంది. మా గుండె కలుక్కుమంది. గడియారం చూసుకున్నాం. ఎవరో ఒకరు లేపుతారులే అనుకుని ముందుకు సాగిపోయాం. ఆ రోజు మా ప్రసంగ పాఠం మంచి సమరయుని కథ కాకపోవడం ఒక్కటే మాకు మిగిలిన ఊరట.

గుండె కలుక్కుమనడం వేరు, కాళ్లు ఆగడం వేరు. ఈ రెంటి మధ్య దూరాన్ని ఎలా దాటాలో నేర్చుకోవడానికి మనం నిజామాబాద్ వైపు చూడాలి. అక్కడ డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు నడచిన దారి ఉంది.

ఆమె 1875లో స్కాట్లాండ్‌లో పుట్టారు. అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివారు. భర్త జార్జ్ కెర్ గారితో కలిసి 1907లో నిజాం రాజ్యానికి వెస్లియన్ మెథడిస్టు మిషనరీగా వచ్చారు. కుష్ఠు వైద్యం కోసమని ఆమె రాలేదు. నిజామాబాద్‌లో మామూలు వైద్య పరిచర్య చేస్తుండగా కుష్ఠు రోగులు కనబడ్డారు. ఊరు వెలివేసినవారు, ఇంటివారే గడప దాటించినవారు. అప్పటికి ఆ రోగానికి గట్టి మందు లేదు. నయం చేయలేని రోగిని చేర్చుకోవడమంటే డాక్టరుకు రోజూ ఓటమిని చూడటమే. అయినా ఆమె వారికోసం చిన్నగా ఒక ఆశ్రయం మొదలుపెట్టారు. వచ్చేవారు పెరిగారు, చోటు చాల్లేదు. అప్పుడు ఆదుకున్నది నర్సా గౌడ్ అనే హిందూ దాత. ఆయన సాయంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి నిలిచింది. మంచి సమరయుడు మన గుడి బయటివాడే అన్న సంగతి ఇక్కడ మళ్లీ గుర్తు చేసుకోవాలి.

తర్వాత చాల్‌మోగ్రా జాతి గింజల నూనెను సూదిమందుగా ఇచ్చే పద్ధతి వచ్చింది. నొప్పి పెట్టే సూది, నెలల తరబడి సాగే వైద్యం, ఫలితం అందరికీ ఒకేలా ఉండదు. ఒక్కరోజు ఆవేశంతో అయ్యే పని కాదది. పుండు కడగడం, కట్టు కట్టడం, సూది వేయడం, మళ్లీ మర్నాడు అదే. 1923లో ప్రభుత్వం ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1932లో ఆమె కన్నుమూశారు. ఇందూరు జిల్లాలో ఆ ఆసుపత్రి పేరు ఈనాటికీ తెలిసినదే.

అన్నేళ్లు అంత బాధ చూస్తే మనసు మొద్దుబారదా? పాస్టర్లకు, నర్సులకు, మంచం పట్టిన తల్లిదండ్రులను చూసుకునే పిల్లలకు ఈ ప్రశ్న కొత్త కాదు. మెదడును పరిశోధించేవారు కూడా దీన్ని అడిగారు. 2004లో టానియా సింగర్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు లండన్‌లో 16 జంటలను పరీక్షించారు. భర్త చేతికో ప్రియుని చేతికో నొప్పి కలుగుతోందని తెలిసినప్పుడు స్త్రీ మెదడులో ఇన్సులా వంటి కొన్ని భాగాలు, నొప్పి తనకే కలిగినట్టు స్పందించాయి. ఇది సహానుభూతి. తర్వాతి ఏళ్లలో సింగర్, ఓల్గా క్లిమెకీ బృందం మరో సంగతి గమనించింది. ఇతరుల బాధను తమదిగా అనుభవించే సాధన మాత్రమే చేసినవారిలో వేదన పెరిగింది. అదే మనుషులకు తర్వాత కరుణను, అంటే ఎదుటివారి మేలు మనసారా కోరడాన్ని సాధన చేయించగా, బాధను చూస్తూనే ఆప్యాయత వంటి మంచి భావాలు పెరిగాయి. మెదడులోనూ ప్రేమకు, ఆనందానికి సంబంధించిన వేరే భాగాలు పనిచేశాయి. ఎదుటివారి బాధలో మునిగిపోవడం మనల్ని అలసటకు గురిచేస్తుంది. వారి మేలు కోరడం నిలబెడుతుంది. అది సాధనతో పెరుగుతుంది.

కెర్ అమ్మగారి మెదడును ఎవరూ పరీక్షించలేదు. ఆమె దినచర్య మాత్రం మన ముందుంది. ప్రభువు కుష్ఠు రోగిని చూసి కనికరపడ్డాడు, వెంటనే చెయ్యి చాపి ముట్టాడు. కనికరాన్ని వస్త్రంలా ధరించుకోమని పౌలు కొలస్సయులకు రాశాడు. బట్టలు ఒక్కసారి తొడుక్కుంటే జీవితానికి సరిపోవు కదా, ప్రతి ఉదయం తొడుక్కోవాలి. కృప దేవునిది, తొడుక్కునే చేయి మనది.

కుష్ఠు నరాలను దెబ్బతీసి స్పర్శను చంపుతుంది. కాలికి ముల్లు దిగినా తెలియదు, గాయం ముదురుతుంది. సంఘానికీ అలాంటి మొద్దుబారడం రావచ్చు. మన అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర రాత్రంతా కూర్చునే తాతను, వంటింట్లో పాత్రలు తోమే అక్కను, ఎండలో మన కొత్త టవర్లు కట్టే వలస కూలీలను చూసి చూసి మన కళ్లు అలవాటు పడ్డాయి.

ఈ వారం మనం ఒక్కరి పేరు తెలుసుకుందాం. ఆ పేరుతో రోజూ ప్రార్థన చేద్దాం. వారికి కావలసిన ఒక పని చేద్దాం, వచ్చే వారం మళ్లీ చేద్దాం. మేమూ మీతో కలిసి ఈ పాఠం మొదటినుంచి దిద్దుకుంటున్నాం. ఇప్పుడు ఆదివారాలు పావుగంట ముందే ఇల్లు కదులుతున్నాం, దారిలో ఆగడానికి సమయం ఉండాలని.

ప్రభువు మన కాళ్లను ఆపును గాక. ఆమేన్.