గోరా

గోరాగా ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు (నవంబరు 15, 1902 - జూలై 26, 1975) నాస్తికోద్యమ నాయకుడు, సంఘ సంస్కర్త, స్వాతంత్ర్య సమరయోధుడు. దేవుని ఉనికిని గూర్చిన చర్చను గ్రంథాల నుండి నిత్యజీవితంలోకి తెచ్చిన తెలుగువారిలో ఇతడు ముఖ్యుడు.

జీవిత విశేషాలు

ఇతడు నేటి ఒడిషా రాష్ట్రం, గంజాం జిల్లాలోని ఛత్రపురంలో జన్మించాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రంలో ఎం.ఏ. పట్టా పొందాడు. మదురై, కొలంబోలలో పనిచేసిన పిదప కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో అధ్యాపకుడయ్యాడు. నాస్తిక భావాల కారణంగా 1933లో ఆ ఉద్యోగాన్ని కోల్పోయాడు. తరువాత మచిలీపట్నం హిందూ కళాశాలలో బోధించి, ఆ ఉద్యోగాన్ని కూడా విడిచిపెట్టాడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించాడు. ఇది 1947లో విజయవాడకు మారింది. భార్య సరస్వతి గర్భవతిగా ఉన్నపుడు గ్రహణ సమయంలో ఆరుబయట తిరిగి, మూఢనమ్మకాన్ని ధిక్కరించింది. క్విట్ ఇండియా ఉద్యమంలో దంపతులిద్దరూ జైలుకు వెళ్ళారు.

తాత్విక దృక్పథం

కుండకు కుమ్మరి వలె జగత్తుకు కర్త ఉండాలని నైయాయికులు అనుమాన ప్రమాణంతో వాదించారు. బౌద్ధులు, మీమాంసకులు దానిని ఖండించారు. గోరా మార్గం వేరు. జగత్తుకు కర్త ఎవరన్న ప్రశ్నకంటే, ఆ విశ్వాసం మనిషిని ఎట్లా మారుస్తుందన్న ప్రశ్న ఇతనికి ముఖ్యం. అంతా దైవనిర్ణయమని నమ్మినవాడు అంటరానితనాన్ని కూడా విధిగా అంగీకరిస్తాడనీ, తాను స్వతంత్రుడనని గుర్తించినవాడు బాధ్యత వహిస్తాడనీ ఇతని వాదం. ఈ వాదం విశ్వాసపు ఫలితాన్ని పరీక్షిస్తుందే గాని దేవుడు లేడని తార్కికంగా నిరూపించదని విద్యార్థులు గమనించాలి.

గాంధీజీతో చర్చలు

గోరా వాదానికి గట్టి పరీక్ష గాంధీజీయే. ఆయన పరమ ఆస్తికుడై ఉండి కూడా అస్పృశ్యతపై పోరాడాడు. 1944 చివరలో సేవాగ్రాంలో ఇద్దరి మధ్య చర్చలు మొదలయ్యాయి. ఎవరూ తమ మూలాభిప్రాయాన్ని వదులుకోలేదు, కాని కలిసి పనిచేయడానికి అది అడ్డు కాలేదు. దళిత యువకునితో గోరా కుమార్తె వివాహాన్ని సేవాగ్రాంలో జరిపించడానికీ, వివాహ ప్రమాణంలో దేవునికి బదులు సత్యాన్ని పేర్కొనడానికీ గాంధీజీ సమ్మతించాడు. 1948 జనవరి 30న ఆయన హత్యకు గురయ్యాడు. అదే సంవత్సరం మార్చిలో ఆ వివాహం సేవాగ్రాంలోనే జరిగింది. ఈ చర్చలను వివరిస్తూ గోరా ఆంగ్లంలో వ్రాసిన గ్రంథాన్ని 1951లో నవజీవన్ సంస్థ ప్రచురించింది.

చివరి రోజులు

1972లో గోరా విజయవాడలో ప్రపంచ నాస్తిక మహాసభను నిర్వహించాడు. 1975లో విజయవాడలోనే మరణించాడు. 2002లో భారత తపాలా శాఖ ఇతని స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.