సింహాసనపు కారు - ఏడవ నిజాం జీవితం

హైదరాబాదు సంస్థానపు చివరి ప్రభువు, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1886లో జన్మించారు. తండ్రి మహబూబ్ అలీఖాన్ 1911లో మరణించగా గద్దెనెక్కారు. తెలంగాణతో పాటు మరాఠ్వాడా జిల్లాలు కూడా ఆనాడు ఆయన ఏలుబడిలోనివే. నేటి సరిహద్దు గ్రామాలకు ఆనాడు సరిహద్దు లేదు.

మహబూబ్ అలీఖాన్ తన చివరి రోజులలో ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ సంస్థకు ఒక కారు తయారు చేయుమని పురమాయించారు. పసుపు వన్నెతో, వెనుక భాగాన సింహాసనం వంటి ఎత్తైన ఆసనంతో అమరిన ఆ సిల్వర్ ఘోస్ట్ కుమారుని చేతికి వచ్చింది. 1947 నాటికి అది తిరిగిన దూరం 356 మైళ్లు, అనగా సుమారు 573 కిలోమీటర్లు మాత్రమే! ఓరుగల్లు నుండి భివండీ సాంచాలపై బ్రతుకుతెరువు వెతుక్కుంటూ బయలుదేరిన పద్మశాలీ కుటుంబం ఒక్క ప్రయాణంలోనే అంతకు మించిన దూరం పోతుంది.

1937లో టైమ్ పత్రిక ఆయనను ప్రపంచంలోకెల్లా ధనవంతునిగా ముఖచిత్రంపై నిలిపింది. అయినను ఆయన మాసిన దుస్తులతో, మిక్కిలి పొదుపుగా జీవించారు. ఆ ధనంలో ప్రజలకై వెచ్చించిన భాగం ఫలించింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసింది. మంజీరా నదిపై నిజాంసాగర్ నిర్మాణమై బీడు భూములకు నీరందింది. 1934లో ఓరుగల్లులో ఆజంజాహీ మిల్లు నెలకొని వేలాది నేతకార్మికులకు అన్నం పెట్టింది.

కాని రజాకార్ల దౌర్జన్యాలను ఆయన అరికట్టలేదు. గ్రామాలు తల్లడిల్లాయి. 1947 డిసెంబరు 4న కింగ్ కోఠీ వద్ద నారాయణరావు పవార్ అనే యువకుడు ఆయన కారుపై బాంబు విసిరాడు. నిజాం ప్రాణాలతో బయటపడ్డారు. రాజ్యం మాత్రం నిలువలేదు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించగా లొంగిపోయారు. 1950 నుండి 1956 వరకు రాజప్రముఖ్‌గా ఉండి, 1967 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

పిదప గ్యారేజీలోని కార్లు పెక్కు కదలలేని స్థితిలో మిగిలి, క్రమంగా చేతులు మారాయి. 1995లో నిజాం ఆభరణాలను భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొనుగోలు చేసింది. ఆజంజాహీ మిల్లు కూడా మూతపడింది. ఓరుగల్లు బిడ్డలు పలువురు భివండీలోని పద్మానగర్ చేరి, అక్కడి సాంచాల సవ్వడిలోనే కాలం గడుపుతున్నారు.

దాచిన సిరి తుప్పు పట్టి అమ్ముడుపోయింది. పొలానికి పారించిన నీరు మాత్రం నేటికీ పంట పండిస్తున్నది.